లెక్కలు రావడం వేరు, ఆరో తరగతికి లెక్కలు చెప్పడం వేరు

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మ్యాథ్స్ మంచి మార్కులతో పాసైంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు లెక్కలు చెబుతానంటోంది. ఇంకేం దొరకనివాళ్లు చేసే పని కదా అని నా బాధ. పోనీ అనుకున్నా, బీఈడీకి రెండేళ్లు పోసే బదులు మూడు నెలల వేగగణితం ట్రైనర్ సర్టిఫికెట్ తీసుకుని ఆన్‌లైన్‌లో చెప్పుకోవడం మేలు కాదా? మొన్న ఒక స్కూల్లో డెమో క్లాసు చెబుతుంటే, "భిన్నాన్ని భాగించేటప్పుడు ఎందుకు తిరగేయాలి?" అని ఒక పిల్లాడు అడిగాడట. జవాబు చెప్పలేక ఏడుస్తూ ఇంటికొచ్చింది. అసలు ఈ పని తనకు సరిపడుతుందా?

సమాధానం: మీరు కోర్సుల గురించి అడిగారు గానీ, ఉత్తరంలోని బరువంతా ఆ ఏడుపు దగ్గరే ఉంది. ముందు దాని సంగతి చూద్దాం.

ఆ పిల్లాడి ప్రశ్నకు తడబడేవాళ్లు చాలామంది. లిపింగ్ మా అనే పరిశోధకురాలు 1999లో ప్రచురించిన అధ్యయనంలో, 1¾ ÷ ½ కి సరిపోయే ఒక చిన్న సందర్భం చెప్పమని టీచర్లను అడిగారు. పనిలో ఉన్న అమెరికన్ టీచర్లలో చాలామంది 'అర'తో భాగించడానికి బదులు ఇద్దరికి సమానంగా పంచే కథ చెప్పారు. డిగ్రీలో కాలిక్యులస్ చదివినంత మాత్రాన ఈ జవాబు దానంతటది రాదు. పాఠ్యవిషయం తెలియడం వేరు, దాన్ని పిల్లలకు అందేలా తెలుసుకోవడం వేరు అని 1986లో అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్ విడదీసి చెప్పాడు. మీ అమ్మాయికి మొదటిది ఉంది. రెండోది ఇంతవరకూ ఆమెకు ఎవరూ నేర్పలేదు. అంతే.

మూడు మీటర్ల రిబ్బన్‌లో అర మీటరు ముక్కలు ఎన్ని వస్తాయో అడిగితే పిల్లలు ఆరు అంటారు. మీటరుకు రెండు ముక్కలు కాబట్టి రెండుతో గుణించామన్నమాట. ఇప్పుడు ముక్క పొడవు 2/3 మీటరు అనుకోండి. ఒక్క మీటరులో అలాంటివి ఒకటిన్నర, అంటే 3/2. తిరగేసిన భిన్నం అక్కడే కళ్లముందుకు వస్తుంది. ఇది నేర్చుకోగలిగిన విద్య.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లోనే పిల్లలు లెక్కలకు దగ్గరవుతారు, లేదా జీవితాంతం దూరమవుతారు. అప్పటిదాకా చేతి వేళ్లకు అందిన అంకెలు భిన్నాలుగా, రుణ సంఖ్యలుగా, అక్షరాలుగా మారిపోయేది అప్పుడే. 35 పెద్దది కదా అని 0.35ను 0.8 కన్నా పెద్దదంటారు. 8 + 4 = □ + 5 ఇస్తే గడిలో 12 రాస్తారు, సమాన గుర్తు అంటే 'జవాబు ఇక్కడ రాయి' అనే అర్థం వాళ్లకు స్థిరపడిపోయింది కాబట్టి. ఈ తప్పుల వెనుక పిల్లల ఆలోచన ఉంది. దాన్ని వినడం నేర్పేదే అసలైన శిక్షణ.

మీరు చెప్పిన వేగగణితం కోర్సు మీద నాకు నమ్మకం లేదు. గుణకారం చిటికెలో చేసి చూపిస్తే తల్లిదండ్రులు ముచ్చటపడతారు, నిజమే. కానీ పైన చెప్పిన ఒక్క తప్పునూ ఆ చిట్కాలు సరిదిద్దవు. 'ఎందుకు' అని అడిగే పిల్లాడికి ఇంకో కిటుకు ఇచ్చి నోరు మూయించడమే అవుతుంది. ఆన్‌లైన్‌లోనైతే పిల్లాడి నోటుబుక్కులోకి తొంగిచూడటం కూడా కష్టం. పైగా ఆ సర్టిఫికెట్‌తో టెట్ రాసే అర్హత రాదు.

బీఈడీ అంతా గొప్పదని కూడా అనను. క్లాసులకు రాకపోయినా ఫర్వాలేదనే కాలేజీలో చేరితే ఆ రెండేళ్లు నిజంగానే దండగ. రెండో ఏడాదిలో 16 వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది. దాన్ని స్కూల్లో నిజంగా చేయిస్తారా, రికార్డులు రాయించి సరిపెడతారా అన్నది ఆ కాలేజీ పాత విద్యార్థులను అడగండి. మెథడాలజీ, అంటే బోధనా పద్ధతులు, చెప్పే లెక్చరర్ విద్యార్థి చెప్పే పాఠం గమనించి తప్పొప్పులు చెబుతారా అనీ అడగండి. ఇక బీఈడీ వాళ్లకు ఒకటి నుంచి ఐదు తరగతుల పోస్టులు లేవని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి కంగారు వద్దు. ఆమె కోరుకుంటున్నది ఆ పై తరగతులు.

ఇక మీతో ఒక మాట, కాస్త గట్టిగానే. 'ఇంకేం దొరకనివాళ్లు' అనే మాట ఆమె ముందు అన్నారా? అని ఉంటే, డెమో క్లాసులో ఆమె ఆ పిల్లాడి ప్రశ్నతో పాటు మీ మాటనూ మోస్తూ నిలబడింది. అంత మంచి మార్కులొచ్చి, కోరి ఈ పనికి వస్తానన్న పిల్లను చూసి తలదించుకుంటారా? మీకు లెక్కలంటే భయం పోగొట్టిన మాస్టారు ఒక్కరైనా ఉండే ఉంటారు. ఆయన్ను అలా అనగలరా?

దరఖాస్తుల కన్నా ముందు ఒక పని చేయించండి. ఆరో తరగతి పిల్లలు ముగ్గురిని కూర్చోబెట్టి, 0.35, 0.8లలో ఏది పెద్దదో అడగమనండి. సరిదిద్దొద్దు. ఎలా అనుకున్నారో చెప్పించి రాసుకోమనండి. ఆ కాగితం పట్టుకుని ఆమె మీ దగ్గరకు వచ్చినప్పుడు ఫోను పక్కన పెట్టి పూర్తిగా వినండి. ఏడ్చిన ఆ ప్రశ్నకు ఆమె ఇప్పుడేం జవాబు చెబుతుందో కూడా అడగండి.