అన్నయ్య జీతం ఎక్కువైతే నాకు ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్‌కు అర్హత పోతుందా?

పోదు, ధైర్యంగా దరఖాస్తు చేసుకోండి. యువత పెద్ద కంపెనీల్లో పని నేర్చుకునే ఆ కేంద్ర పథకంలో కుటుంబమంటే అభ్యర్థి, తల్లిదండ్రులు, పెళ్లయితే భార్య లేదా భర్త, అంతే. మీరంతా బెంగళూరు మారతహళ్లిలో ఒకే ఇంట్లో ఉంటున్నా మీ అన్నయ్య సంపాదన లెక్కలోకి రాదు. పైగా ఎనిమిది లక్షల పరిమితి అందరి ఆదాయం కలిపి కాదు. కుటుంబంలో ఏ ఒక్కరి వార్షికాదాయమూ అది దాటకూడదని. 2024 అక్టోబరులో మొదలైన ప్రయోగ దశకు 2023-24 ఆర్థిక సంవత్సరపు ఆదాయాన్ని చూశారు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా చెల్లెలు. కృష్ణరాజపురంలో ఒక ఇంటర్నెట్ సెంటరులో నా జీతమెంతో అడిగి, ‘మీకు రాదు’ అని తనను తిప్పి పంపేశారు. ఇంటికొచ్చాక ఇద్దరం కూర్చుని మార్గదర్శకాలు మొత్తం చదివాం. అన్న ప్రస్తావనే లేదు. తను దరఖాస్తు చేసింది, ఇంటర్న్‌షిప్ వచ్చింది. ఎవరో నోటిమాటగా చెప్పింది నమ్మి ఎంతమంది పిల్లలు ఆగిపోయారోనని ఇప్పటికీ బాధేస్తుంది.

మీ నాన్నగారు ప్రభుత్వ కార్యాలయంలో డ్రైవరన్నారు. అసలు చూసుకోవలసింది అక్కడ. కాంట్రాక్టు ఉద్యోగమైతే ఇబ్బంది లేదు. పర్మనెంటు అయితే జీతం ఎంత తక్కువైనా మీకు అర్హత ఉండదు. ప్రభుత్వరంగ సంస్థలకూ, స్థానిక సంస్థలకూ ఇదే నియమం. నాకిది అన్యాయమనిపిస్తుంది. ప్రైవేటు కంపెనీలో ఏడున్నర లక్షలు తెచ్చుకునేవారి బిడ్డకు ఉన్న అవకాశం అటెండరు బిడ్డకు ఎందుకు ఉండకూడదు?

కర్ణాటక ప్రభుత్వ నిరుద్యోగ భృతి పథకం యువనిధి గురించి కూడా అడిగారు. దానికి ఆదాయ పరిమితే లేదు. డిగ్రీవారికి నెలకు 3,000, డిప్లొమావారికి 1,500 రూపాయలు, రెండేళ్ల వరకు. కాని కర్ణాటకలో కనీసం ఆరేళ్లు చదివి ఉండాలి. ఇంటరు దాకా చిత్తూరులో చదివి డిగ్రీకి బెంగళూరు వచ్చిన మీకు అది కుదరదు.

ఇంటర్న్‌షిప్‌కు ప్రయోగ దశలో వయసు 21 నుంచి 24, భృతి నెలకు 5,000, మొదట్లో ఒకసారి 6,000 రూపాయలు. కొత్త విడతలో ఈ అంకెలు మారాయేమో పోర్టల్‌లో చూసుకోండి. అయిదు వేలు ఈ ఊళ్లో హాస్టల్‌కే చాలవు, కాబట్టి ఇంటి నుంచి రోజూ వెళ్లి రాగలిగే చోటునే ఎంచుకోండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం ఇప్పుడే చేయించండి. భృతిలో ప్రభుత్వ వాటా నేరుగా ఆ ఖాతాలోనే పడుతుంది.