కార్నియాను థిన్ షెల్‌గా తీసుకుని లెక్క వేయొచ్చా?

బీటెక్‌లో చదివిన ప్రెషర్ వెసెల్ (లోపల పీడనం ఉండే పలుచని గోడ, అంటే థిన్ షెల్ పాత్ర) సూత్రాలు కంటి ముందున్న పారదర్శక పొర కార్నియాకు పనికొస్తాయా, ప్రాజెక్టు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. తప్పకుండా పనికొస్తాయి. నేను మెకానికల్ డిజైన్‌లో పనిచేస్తాను. మా తమ్ముడికి కెరటోకోనస్ (కార్నియా పలచబడి ముందుకు ఉబ్బే జబ్బు) ఉందని తేలినప్పటి నుంచి దీని గురించి చదువుతూనే ఉన్నాను.

ముందు కాగితం మీద లెక్క వేయండి. కంటి లోపలి పీడనం సుమారు 15 మి.మీ. పాదరసం, అంటే 2 కిలోపాస్కల్స్. కార్నియా వంపు వ్యాసార్ధం 7.8 మి.మీ., మధ్యలో మందం 0.54 మి.మీ. పీడనాన్ని వ్యాసార్ధంతో గుణించి, మందానికి రెట్టింపుతో భాగిస్తే స్ట్రెస్, అంటే యూనిట్ వైశాల్యం మీద పడే లాగుడు బలం, 14 కిలోపాస్కల్స్ దగ్గర తేలుతుంది. చాలా చిన్న అంకె. కార్నియా చిరుగుతుందేమోనన్న భయం అక్కర్లేదు, ఆకారం నిలవడమే ముఖ్యం. కంటి ఫోకస్ శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు కార్నియాదే. లేసిక్‌లో (లేజర్‌తో కార్నియాను చెక్కి సైట్ తగ్గించే ఆపరేషన్) 6 మి.మీ. వెడల్పున ఒక డయాప్టర్ (కళ్లద్దాల పవర్ కొలత) సైట్ తగ్గించడానికి తీసేది సుమారు 12 మైక్రాన్లే. అందుకే స్ట్రెంత్ (చిరగకుండా తట్టుకోవడం) కన్నా స్టిఫ్‌నెస్ (ఆకారం మారకుండా నిలవడం) మీద ఎక్కువ దృష్టి పెట్టండి.

సాదా షెల్ సూత్రం పదార్థం లోపలి అమరికను పట్టించుకోదు. కార్నియా మందంలో 90 శాతం స్ట్రోమా అనే మధ్య పొరే. అందులో రెండు వందలకు పైగా కొలాజెన్ (ప్రోటీన్ పోగుల) పొరలు ఉంటాయి. మధ్యభాగంలో పోగులు ఎక్కువగా అడ్డంగా, నిలువుగా పరుచుకుంటాయి, అంచుకు వచ్చేసరికి చుట్టూ రింగులా తిరుగుతాయి. రేడియల్ టైరులో ప్లైల (దారాల పొరల) అమరిక తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. రక్తనాళాల కోసం 2000లో హోల్జాప్‌ఫెల్, గాసర్, ఆగ్డెన్ అనే పరిశోధకులు ఇచ్చిన ఫైబర్ మోడల్‌ను (పోగుల దిక్కును లెక్కలోకి తీసుకునే సూత్రాన్ని) తర్వాత కార్నియాకూ వాడుతున్నది ఇందుకే.

తమ్ముడి విషయంలో జరిగిందీ మెకానిక్సే. ఒకచోట కణజాలం మెత్తబడితే అక్కడ ఉబ్బుతుంది, ఉబ్బినచోట పలచబడుతుంది, పలచబడితే స్ట్రెస్ పెరిగి ఇంకా ఉబ్బుతుంది. క్రాస్‌లింకింగ్ అనే చికిత్స ఈ చక్రాన్ని ఆపే ప్రయత్నం. రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి పెడతారు, మొదటి పద్ధతిలో అరగంట పాటు. మందం పెరగదు, పదార్థం గట్టిపడుతుంది. కళ్లు నలిపితే ఈ ఉబ్బడం ఇంకా పెరగొచ్చు, డాక్టర్లు నలపొద్దని అంత గట్టిగా చెప్పేదీ అందుకే. దయచేసి ఆ మాట తేలిగ్గా తీసుకోకండి.

కంటి ప్రెషర్ కొలిచే గోల్డ్‌మాన్ టోనోమీటర్ అనే పరికరంలోనూ కార్నియా మెకానిక్స్ ఉంది. 3.06 మి.మీ. వ్యాసం మేర కార్నియాను చదును చేయడానికి కావలసిన బలాన్ని అది చూస్తుంది, మందం 0.52 మి.మీ. దగ్గర ఉంటుందని అనుకుంటుంది. లేసిక్ అయినవాళ్లలో కార్నియా పలచబడి ఉంటుంది కాబట్టి రీడింగ్ తక్కువ చూపించొచ్చు. అందుకని గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) పరీక్షకు వెళ్తే ఆపరేషన్ సంగతి తప్పక చెప్పాలి.

ప్రాజెక్టుకైతే కంప్యూటర్‌లో యాక్సిసిమెట్రిక్ (మధ్య అక్షం చుట్టూ ఒకేలా ఉండే) మోడల్‌తో, లోపల పీడనం పెంచుతూ కార్నియా శిఖరం ఎంత కదిలిందో చూడటంతో మొదలుపెట్టండి. అంచును పూర్తిగా ఫిక్స్ చేయకుండా కొంత స్క్లీరాను (కంటి తెల్లగుడ్డు పొరను) కూడా కలపండి. స్కాన్‌లో వచ్చిన ఆకారం అప్పటికే పీడనం కింద ఉన్నది. దాని మీదే మళ్లీ లోడ్ పెడితే పీడనాన్ని రెండుసార్లు లెక్కేసినట్టే. ముందు లోడ్ లేని ఆకారాన్ని వెనక్కి లెక్కగట్టాలి. యంగ్స్ మాడ్యులస్ (పదార్థం గట్టిదనం కొలత) విలువలు పరీక్ష పద్ధతిని బట్టి బాగా మారతాయి. ఒక పేపర్‌లోని అంకెనే నమ్ముకోకుండా, రేంజ్ తీసుకుని రన్ చేయండి.