చలి తగ్గాక పెరడు ఎప్పుడు శుభ్రం చేయాలి, ఏం నాటాలి?

మీరు అడిగినవి రెండు. పెరట్లోని ఎండాకులు, ఎండు కాడలు ఇప్పుడే తీసేయాలా? పిట్టలు, సీతాకోకచిలుకలు రావాలంటే ఏం నాటాలి? చాలా ఏళ్లుగా పెరడు పెంచుతున్నాను. నేను చూసినంతవరకు, కొత్త మొక్కలు తెచ్చి నాటడం కన్నా ఉన్నవాటిని తొందరపడి తీసేయకపోవడమే ఎక్కువ పనిచేస్తుంది.

ఎండాకుల కింద చలికాలమంతా కప్పలు, సాలీళ్లు, అక్షింతల పురుగులు తలదాచుకుంటాయి. కొన్ని సీతాకోకల ప్యూపాలు (గొంగళిపురుగు సీతాకోకగా మారేటప్పటి గూళ్లు) కాడలకు అంటుకుని అచ్చం ముడుచుకున్న ఎండాకులా ఉంటాయి. పట్టి చూస్తే తప్ప తెలియదు. గుంపు కట్టకుండా విడిగా బతికే తేనెటీగల్లో కొన్ని, బోలుగా ఉన్న కాడల్లో గుడ్లు పెడతాయి. అన్నీ పోగేసి తగలబెడితే ఇవన్నీ పోతాయి. అందుకే పగటి వేడి 10 డిగ్రీలు దాటి కొన్నాళ్లు నిలకడగా ఉండేదాకా ఆగుతాను. చలి అంత గట్టిగా లేని చోటైతే కొత్త చిగుళ్లు కనిపించేదాకా ఆగండి. అప్పుడైనా ముందు నడిచే దారి, కూరగాయల మళ్లు మాత్రమే. గోడవారనున్న ఆకుల్ని అలాగే వదిలేస్తాను. ఎండిన కాడల్ని మొదలంటా కోయకుండా జానెడుకు పైన ఉంచితే ఆ మోళ్లలో కొత్త తేనెటీగలు చేరతాయి. తెగులు సోకిన ఆకుల్ని మాత్రం ఆలస్యం చేయకుండా తీసేయాలి.

కొమ్మలు కత్తిరించాలనుంటే పిట్టలు గూళ్లు కట్టడం మొదలవకముందే కానిచ్చేయండి. పొదలోకి పుల్లలు, పీచు మోసుకెళ్తున్న పిట్ట కనిపించిందంటే కత్తెర పక్కన పెట్టేయాల్సిందే. చిన్న పిట్టలైతే గుడ్లు పొదిగి, పిల్లలు ఎగిరిపోవడానికి దాదాపు నెల చాలు.

ఇక ఏం నాటాలంటే, ముద్దపూల కన్నా ఒంటిరేక పూలే నయం. చాలా ముద్దపూలలో కేసరాలు రేకులుగా మారిపోతాయి కాబట్టి పుప్పొడి పెద్దగా ఉండదు, తేనెటీగలు లోపలికి వెళ్లడమూ కష్టం. మందారమైనా బంతైనా ఒంటిరేక రకం చూసుకోండి. తులసి, కొత్తిమీర, ముల్లంగి మొక్కల్లో కొన్నింటిని కోయకుండా పూతకు వదిలేయండి. కొత్తిమీర పూత మీద వాలే చిన్న ఈగల్ని చూడటం నాకెంతో ఇష్టం. సీతాకోకలకు తేనె ఒక్కటే సరిపోదు, వాటి గొంగళిపురుగులు తినే ఆకు కూడా కావాలి. నిమ్మ, కరివేపాకు మొక్కల లేత ఆకుల మీద పిట్ట రెట్టలాంటిది కనిపిస్తే వెంటనే దులిపేయకండి. అది సీతాకోక పిల్ల కావచ్చు, పెద్దదవుతుంటే పచ్చగా మారుతుంది. మొక్క మరీ చిన్నదైతే ఒకటి రెండు పురుగులే మొత్తం మోడు చేస్తాయి. అలాంటప్పుడు పురుగుని అదే జాతి పెద్ద మొక్క మీదికి మార్చండి.

చాలామందికి టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే, లేత చిగుళ్లకు పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) పట్టినప్పుడు. మందు కొట్టకండి. వేపనూనె కూడా గొంగళిపురుగుల ఎదుగుదలను దెబ్బతీస్తుంది. నీళ్లు కాస్త గట్టిగా చిమ్మితే చాలావరకు రాలిపోతుంది. మిగిలినదాని కోసం అక్షింతల పురుగులు వస్తాయి. వాటి పిల్లలు నల్లగా, పొడుగ్గా, నారింజ రంగు మచ్చలతో ఉంటాయి. తల్లి పురుగు పోలిక ఏమాత్రం ఉండదు కాబట్టి, ఇదేదో కొత్త చీడ అనుకుని చంపేస్తుంటారు. ఒక్కో పిల్ల పెద్దదయ్యేలోగా వందల కొద్దీ పేనుబంక పురుగుల్ని తినేస్తుంది. గింజలు తినే పిచ్చుకలు కూడా తమ పిల్లలకు పురుగుల్నే పెడతాయి. పురుగే లేని పెరట్లో పిట్ట గూడు కట్టినా పిల్లల్ని సాకలేదు.

గులాబీ ఆకుల అంచులు గుండ్రంగా కత్తిరించినట్టుంటే అదీ తెగులు కాదు. ఒక రకం తేనెటీగ తన గూటికోసం ముక్కలు తీసుకెళ్తుంది, దానివల్ల మొక్కకేమీ కాదు.

నీళ్లకు లోతు తక్కువున్న పళ్లెం, అందులో నీళ్లపైకి కనిపించేలా రెండు రాళ్లు చాలు. రెండు రోజులకోసారి నీళ్లు పారబోసి కొత్తవి పోయండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. పిల్లులు తిరిగే చోటైతే పళ్లేన్ని పొదలకు కాస్త దూరంగా, ఎత్తులో పెట్టండి.