ఎడారి సూర్యాస్తమయంలో గర్భిణుల ఫొటోలు: అమ్మాయికి ఇది బతుకుతెరువు అవుతుందా?

ప్రశ్న: మాది నిజామాబాద్. మా చిన్నమ్మాయి హైదరాబాదులో బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. గత డిసెంబరులో దుబాయిలో ఉంటున్న వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళి, ఏడో నెల గర్భంతో ఉన్న ఆమెను లహ్‌బాబ్ ఎర్ర ఇసుక తిన్నెల మీద సూర్యాస్తమయ వేళ ఫొటోలు తీసింది. అవి చూసి అక్కడి తెలుగువాళ్ళు ఇద్దరు డబ్బిచ్చి తీయించుకుంటామన్నారట. అప్పటినుంచి ఎంబీఏ వద్దు, మెటర్నిటీ ఫొటోగ్రాఫర్‌నే అవుతానంటోంది. ఆడపిల్ల కెమెరా పట్టుకుని ఎడారుల వెంట తిరిగితే రేపు సంబంధాలు ఎలా వస్తాయి? ఎంబీఏకూ దీనికీ పోల్చి ఏది మేలో చెప్పండి. ఎంబీఏకు దాచిన డబ్బు సిద్ధంగా ఉంది. మంచి కళాశాలల పేర్లు కూడా రాయండి. (ఒక తండ్రి)

జవాబు: ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. ఒకసారి పెళ్ళిళ్ళ ఫొటోగ్రఫీ అని, ఒకసారి మేకప్ అని, ఇంకోసారి కేకుల తయారీ అని పేర్లు మారుతుంటాయి గాని అడుగున ఉండే దిగులు ఒకటే. అమ్మాయి తన కాళ్ళ మీద తాను నిలబడగలదా అన్నది అందులో సగం, నలుగురికీ ఏమని చెప్పుకోవాలన్నది మిగిలిన సగం. మొదటి సగానికి వివరంగానే జవాబు రాస్తాను. రెండో సగం గురించి కొంచెం కటువుగా మాట్లాడవలసి వస్తుంది, మన్నించండి.

"ఆడపిల్ల కెమెరా పట్టుకుని" అని రాశారు. ఈ పనిలో ఆడపిల్ల కావడమే ఆమెకున్న మొదటి అనుకూలత అని మీకు తోచలేదా? ఎనిమిదో నెల కడుపుతో, ఉబ్బిన పాదాలతో, పలుచని గౌనులో ఇసుక మీద నిలబడిన స్త్రీకి చెయ్యి ఎక్కడ ఆనించాలో, నడుము ఎంత తిప్పాలో చెప్పేది మరో స్త్రీ అయితే ఆమె ముఖంలో బిగువు సడలుతుంది, పక్కనున్న అత్తగారికీ అభ్యంతరం ఉండదు. ఇదంతా పరాయి దేశాల వేలంవెర్రి అని మీరు అనుకుంటూ ఉండవచ్చు. 1991 ఆగస్టులో 'వానిటీ ఫెయిర్' పత్రిక ముఖచిత్రంగా నటి డెమీ మూర్‌ను ఫొటోగ్రాఫర్ ఆనీ లీబోవిట్జ్ నిండు గర్భంతో చూపించాక ఈ తరహా చిత్రాలకు గిరాకీ పెరిగిన మాట నిజమే. అయితే సీమంతంనాడు పూలజడ వేసి, స్టూడియోకు తీసుకువెళ్ళి, జడ కనబడేలా వెనక అద్దం పెట్టి ఫొటో తీయించిన ఇళ్ళు మన దగ్గర ఎన్ని లేవు? మీ ఇంటి పాత ఆల్బమ్ కూడా ఒకసారి తిరగేయండి. సంబంధాల మాటను నేను ఇంతటితో వదిలేస్తున్నాను. అది కెరీర్‌కు సంబంధించిన ప్రశ్న కాదు, పరీక్షల ముందున్న పిల్ల దగ్గర అస్తమానం ఎత్తదగిన మాట అంతకన్నా కాదు.

ఇక మొదటి సగం. మీ అమ్మాయి ఫొటోగ్రఫీ వైపు వెళ్ళడం మీద నాకు అనుమానం లేదు. ఎడారిలో సూర్యాస్తమయపు మెటర్నిటీ షూట్లనే వృత్తిగా పెట్టుకోవడం మీద మాత్రం చాలా ఉంది. ఈ భాగాన్ని ఆమె చేత కూడా చదివించండి.

సూర్యుడు పడమటికి దిగేకొద్దీ వెలుగు గాలిపొరల్లో ఎక్కువ దూరం ప్రయాణించవలసి వస్తుంది కాబట్టి నీలం చెదిరిపోయి బంగారు వన్నె మిగులుతుంది. అదే వెలుగు తిన్నెల మీద ఏటవాలుగా పడటం వల్ల ఇసుకలో గాలి గీసిన ప్రతి గీతకూ ఒక నీడ ఏర్పడుతుంది. ఆ ఫొటోల అందమంతా ఇందులోనే ఉంది, చిక్కు కూడా ఇందులోనే ఉంది. దుబాయి ఉన్న 25 డిగ్రీల అక్షాంశంలో సూర్యుడు ఈ బంగారు వెలుగు మొదలయ్యే సుమారు 6 డిగ్రీల ఎత్తు నుంచి నేలను తాకడానికి సుమారు అరగంట మాత్రమే పడుతుంది. పడమట ఎత్తైన తిన్నె అడ్డున్నా, దుమ్ము లేచినా అందులోనూ కోత పడుతుంది. ఆ కాస్త సమయంలోనే గౌను కొంగును గాలికి ఎగరేసే సహాయకురాలు, వెలుగును ముఖం మీదికి మళ్ళించే రిఫ్లెక్టర్ పట్టుకునే మనిషి, గాలి దిశ అన్నీ కలిసి రావాలి. ఎదుటి ఇసుకలో అడుగులు పడకుండా గర్భిణిని తిన్నె వెనక నుంచి మెల్లగా నడిపించాలి. ఎర్ర ఇసుక కింది నుంచి గడ్డం మీదికి నారింజ రంగును కొడుతుంది. రంగులను సరిదిద్దే వైట్ బ్యాలెన్స్‌ను కెమెరా ఇష్టానికే వదిలేస్తే, మనం కోరి వెళ్ళిన బంగారు రంగును అది దోషంగా లెక్కగట్టి చల్లార్చేస్తుంది. గాలిలో లెన్సు మారిస్తే ఇసుక కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సరు మీదికి చేరుతుంది గనుక రెండు కెమెరాలు కావాలి. సొంత అక్క అయితే ఒక సాయంత్రం చెడినా మరో సాయంత్రం వస్తుంది. డబ్బిచ్చినవారు వచ్చేది ఒక్క సాయంత్రమే.

రాబడి లెక్క కూడా ఒకసారి వేసి చూడమనండి. ఎడారి చల్లగా ఉండేది రమారమి అక్టోబరు నుంచి మార్చి వరకు, అంటే 26 వారాలు. సాయంత్రానికి ఒకరికి మించి తీయలేరు, ఉద్యోగస్థులు ఎక్కువగా శని, ఆదివారాలే అడుగుతారు. ఒక్కటీ రద్దు కాకుండా అన్నీ నిండినా ఏడాదికి 52 షూట్లు. పైగా పొట్ట నిండుగా కనిపిస్తూ, మనిషి ఇంకా తేలిగ్గా కదలగలిగేది సుమారు 28 నుంచి 34 వారాల మధ్యే కనుక, రక్తపోటు పెరిగిందనో ఇసుక గాలి వచ్చిందనో ఒకసారి వాయిదా పడిన షూట్ మళ్ళీ జరగకపోవచ్చు. అప్పుడు అడ్వాన్సు తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది ముందే కాగితం మీద రాసుకోకపోతే, పరిచయస్తుల మధ్య ఉన్న మంచితనమంతా ఆ ఒక్క గొడవతో పోతుంది.

అంతకన్నా పెద్దది, గర్భిణి క్షేమం. ఎండలో నీళ్ళు తాగక శరీరం వట్టిపోతే నెలలు నిండకుండానే నొప్పులు మొదలుకావచ్చు. తిన్నెల మీద జీపులో ఎగిరెగిరి వెళ్ళే 'డూన్ బాషింగ్', ఒంటె సవారీ వారికి పనికిరావు. రాజస్థాన్‌లో జైసల్మేరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని సామ్ తిన్నెలకు హైదరాబాదు నుంచి దంపతులను తీసుకువెళ్ళవచ్చు కదా అని మీ అమ్మాయి అనవచ్చు. 28 వారాలు దాటాక చాలా విమాన సంస్థలు వైద్యుల ధ్రువపత్రం అడుగుతాయని, నెలలు నిండేకొద్దీ అసలు ఎక్కించుకోవని కూడా ఆమెకు తెలిసి ఉండాలి. మీరు రాయలేదు గాని మీ మనసులో ఉండే ఉంటుందనుకుంటున్న భయం ఒకటి మాత్రం న్యాయమైనదే. పొద్దుగూకగానే తిన్నెల్లో దారి తెలియదు, ఫోన్ సిగ్నల్ కూడా నమ్మదగ్గది కాదు. రెండు వాహనాలు, ఇసుకలో నడపడం తెలిసిన డ్రైవరు లేకుండా వెళ్ళనని ఆమె చేత మాట తీసుకోండి. అది నియంత్రణ కాదు, ఈ పనిలో క్రమశిక్షణ.

ఆ ఇద్దరు తెలుగువాళ్ళ సంగతికి వస్తాను. అక్కను తీయడం వేరు, విజిట్ వీసా మీద ఉండగా డబ్బు పుచ్చుకుని తీయడం వేరు. రెండోది యూఏఈలో చట్టవిరుద్ధం, అందుకు జరిమానాలు గట్టిగానే ఉంటాయి. అనుమతి లేకుండా ఒకరి ఫొటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం కూడా అక్కడ నేరమే. అక్కడే పనిచేయాలంటే సొంతంగా పనిచేసుకునేందుకిచ్చే ఫ్రీలాన్స్ పర్మిట్ తీసుకోవాలి. స్వయం ఉపాధివారికిచ్చే అయిదేళ్ళ గ్రీన్ వీసాకు రాబడితో పాటు డిగ్రీగాని ప్రత్యేక డిప్లొమాగాని చూపించమంటారు. కాబట్టి బీకాం మధ్యలో వదిలేయడమన్న ఆలోచన ఏ మూలనైనా ఉంటే ఈరోజే తీసేయమనండి. ఇక్కడ మన దేశంలో తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. విదేశీ పేజీలు చూసి పాప, బాబు రంగులతో 'జెండర్ రివీల్' ప్యాకేజీ ప్రకటించకూడదు. పుట్టబోయే బిడ్డ లింగాన్ని తెలుసుకోవడం, వెల్లడించడం 1994 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం.

నాకున్న మరో సందేహాన్ని కూడా దాచను. స్టూడియోలో తీసిన ఫొటో వెనక ఎడారిని, అస్తమిస్తున్న సూర్యుణ్ణి అతికించడం ఇప్పుడు కంప్యూటరుకు నిమిషాల పని. వెనకదృశ్యాన్ని నమ్ముకున్నవారికి ఇది గడ్డుకాలమే. మనిషిని చూసుకోవడం తెలిసినవారికి, అంటే కడుపుతో ఉన్న స్త్రీని తొందరపెట్టకుండా, అలిసిపోకుండా చూసి, ఆమె ముఖంలో నెమ్మది వచ్చేదాకా ఆగగలిగినవారికి అంత భయం లేదు. అలాంటివారి దగ్గరికే ఆ తల్లి పసిబిడ్డ ఫొటోలకూ, అన్నప్రాశనకూ, మొదటి పుట్టినరోజుకూ తిరిగి వస్తుంది. ఏడాది పొడుగునా అన్నం పెట్టేది ఈ రాకపోకలే.

అందుకని నా సలహా ఇది. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో పెళ్ళిళ్ళు, పసిపిల్లల ఫొటోలు తీసే ఒక మంచి ఫొటోగ్రాఫర్ దగ్గర రెండేళ్ళు సహాయకురాలిగా చేరమనండి. క్రమబద్ధంగా చదువుతానంటే మాసాబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ అనే లలితకళల డిగ్రీ ఉంది, డిగ్రీ ఉన్నవారికి జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీ గాంధీనగర్ ప్రాంగణంలో ఫొటోగ్రఫీ డిజైన్ పీజీ ఉంది, ఊటీలో లైట్ అండ్ లైఫ్ అకాడమీ ఉంది. సాధనకు ఎడారి అక్కరలేదు. మీ దగ్గరే శ్రీరామసాగర్ జలాశయపు ఒడ్డున విశాలమైన ఆకాశం ఉంది. విశాఖ వెళితే తీరంలో సూర్యుడు సముద్రం మీద అస్తమించడు, ఉదయిస్తాడు. తెల్లవారుజామున చల్లగా ఉంటుంది కనుక గర్భిణులకు అదే హాయి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను చూసి ఇదే మన ఎడారి అని ఎక్కేయవద్దని మాత్రం చెప్పండి. అవి రక్షిత భూవారసత్వ సంపద. కెమెరాలు మొదట అద్దెకు తీసుకుంటే చాలు. మీరు దాచిన డబ్బును ఒక్కసారిగా లెన్సుల మీద పెట్టకండి, ఆమె అడిగినా పెట్టకండి.

పోల్చమన్నారు. పేరున్న సంస్థలో సీటు వస్తే ఎంబీఏ మంచిదే. ఏదో ఒక కళాశాలలో, ఇష్టం లేని పిల్లను కూర్చోబెట్టి చదివిస్తే రెండేళ్ళూ ఫీజూ పోయి చేతికి వచ్చేది తరచుగా ఒక సేల్స్ ఉద్యోగం. పైగా ఎంబీఏ ఎటూ పోదు, కొంత పని అనుభవంతో చేరినవారికే అది ఎక్కువ ఉపయోగపడుతుంది. ఆమె చదివిన బీకాం కూడా వృథా కాదు. ధర కట్టడం, ఒప్పందం రాయడం, ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు చేయించడం తెలియక దెబ్బతిన్న ఫొటోగ్రాఫర్లు చాలామంది ఉన్నారు. ఆ దెబ్బ ఈమెకు తగలదు. అక్క ఫొటోలు చూసి పరాయివాళ్ళు డబ్బిస్తామన్నారంటే ఆమె కంట్లో ఏదో ఉన్నట్టే. మీరు ఆ ఫొటోలు చూశారా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు.

కళాశాలల పేర్లు అడిగారు. రెండేళ్ళు పని చేశాక ఆమె తానుగా అడిగితే, ఆ జాబితా ఆమెకే పంపుతాను.