రిమూవ్ కొట్టే ముందు

అమ్మలూ,

షాపులో కంప్యూటర్‌కి విండోస్ బదులు ఉబుంటు ఎక్కించావట, ఇకమీద పెళ్లికార్డులన్నీ బొమ్మలు దిద్దే గింప్‌లోనూ, డిజైన్లు గీసే ఇంక్‌స్కేప్‌లోనూ చేస్తానంటున్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మౌస్ లేకుండా ఆజ్ఞలు టైపు చేసే కమాండ్ లైన్‌కి జంకని మనిషి మన ఇంట్లో ఇంకొకరు తయారైనందుకు పొద్దున్నుంచీ అందరికీ చెప్పుకుంటున్నాను. కానీ సరిగ్గా మాఘమాసం ముందే పెట్టుకున్నావేమే? నా టెన్షనంతా అదే.

ఎక్కించడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. సుడో అంటే యజమాని హక్కుతో చేయమని, ఆప్ట్ అంటే ప్రోగ్రాములు వేసే, తీసే పనిముట్టు. ముందు సుడో ఆప్ట్ అప్‌డేట్, తర్వాత సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ గింప్ ఇంక్‌స్కేప్ స్క్రైబస్. ప్రెస్సువాళ్లు అచ్చు రంగుల్లో, అంటే సీఎంవైకేలో, పీడీఎఫ్ అడుగుతారు కదా, స్క్రైబస్ అందుకు. నాన్న దగ్గరున్న అను ఫాంట్ల ఫైళ్లు అన్ని కంప్యూటర్లూ చదివే యూనికోడ్ తెలుగులో లేవు, మార్చకుండా అతికిస్తే పెళ్లికొడుకు పేరు గజిబిజి గుర్తులై కూర్చుంటుంది.

నా భయమంతా ప్రోగ్రాములు తీసేయడం దగ్గరే.

2020లో నేను పనిచేసిన ఆఫీసులో ఒక కుర్రాడు ఉండేవాడు. మంచి పనిమంతుడు, తొందర మాత్రం ఎక్కువ. అప్పుడే ఉబుంటు 20.04 వేశాం. గింప్‌లో మేం రోజూ వాడే ప్లగిన్లు, అంటే అదనపు పనిముట్లు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాత రకం పైథాన్ 2 మీద నడిచేవి, కొత్త ఉబుంటులో దానికి కావలసిన ప్యాకేజీ ఎత్తేశారు. వీడేమో పైథాన్ 3 అడ్డొస్తోంది కాబోలు, అది తీసేస్తే పాతది దారికొస్తుందనుకుని సుడో ఆప్ట్ రిమూవ్ పైథాన్3 కొట్టాడు. ఉబుంటులో చాలా ప్రోగ్రాములు పైథాన్ 3 మీదే ఆధారపడతాయి, దానితోపాటు పోయేవాటి పేర్లు తెర నిండా పరుచుకున్నాయి. వాటి మధ్యలోనే తెర మీది డెస్క్‌టాప్‌ని తెచ్చే ఉబుంటు-డెస్క్‌టాప్ అనీ, కమాండ్లు కొట్టే కిటికీ గ్నోమ్-టెర్మినల్ అనీ స్పష్టంగా ఉన్నాయి. చదివితే కదా! చివర్లో కొనసాగించమంటావా అని అడిగి, పక్కన బ్రాకెట్లో వై, ఎన్ చూపిస్తుంది. అక్కడ వై పెద్దక్షరం, ఎన్ చిన్నక్షరం. అంటే ఏమీ టైపు చేయకుండా ఉత్త ఎంటర్ కొట్టినా సరేనన్నట్టే. వీడు ఫోన్ చూస్తూ ఎంటర్ కొట్టేశాడు. రీస్టార్ట్ చేస్తే లాగిన్ తెర రాలేదు. సాయంత్రానికి ఒక బ్రోచర్ ప్రెస్సుకు వెళ్లాలి. పాపం, వాడి మొహం చూడలేకపోయాం.

నీకూ అదే తొందర. నా స్కానర్ మూత విప్పేసి, అద్దం వెచ్చగా ఎందుకుంది బాబాయ్ అని అడిగిన పిల్లవి నువ్వు. ఆ రోజు తిట్టాను గానీ, రాత్రి మీ పిన్నితో నవ్వుతూ చెప్పుకున్నాను.

కాబట్టి ఏదైనా తీసేసే ముందు అదే కమాండ్‌కి హైఫన్ ఎస్ తగిలించి కొట్టు. నిజంగా ఏదీ పోదు, ఏమేం పోతాయో మాత్రం చూపిస్తుంది. నువ్వు ఒక్క గింప్ తీయమంటే పదిహేను పేర్లొస్తే అక్కడే ఆగు. అడక్కుండానే అన్నిటికీ సరేననేసే హైఫన్ వై జోలికి అసలు పోకు, నెట్‌లో ఎవరు రాసినా సరే. ఇక అక్కర్లేదనుకున్నవాటిని తనంతట ఏరి తీసేసే ఆటోరిమూవ్ కూడా లిస్టు చదివాకే. ప్రోగ్రాముతోపాటు సిస్టమ్‌లోని దాని సెట్టింగు ఫైళ్లనూ తుడిచే పర్జ్ చేసినా నీ బ్రష్షులూ సెట్టింగులూ పోవు, అవి నీ హోమ్ ఫోల్డర్‌లో దాగిన కాన్ఫిగ్‌లో ఉంటాయి. గింప్‌ని ఆప్ట్‌లో ఒకసారి, ఉబుంటులోని ఇంకో పద్ధతి స్నాప్‌లో ఇంకోసారి వేశావనుకో, ఒకటి తీసినా రెండోది అక్కడే ఉంటుంది. పోలేదేమిటని కంగారుపడకు.

ఎప్పుడైనా ఆ కుర్రాడి పరిస్థితే వస్తే ఏడుస్తూ కూర్చోకు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల తెర వస్తుంది. నెట్ కేబుల్ పెట్టి, లాగిన్ అయి, సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఉబుంటు-డెస్క్‌టాప్ కొట్టు. ఏ రోజు ఏమేం తీశావో వార్ ఫోల్డర్‌లో లాగ్, దానిలో ఆప్ట్ ఫోల్డర్ ఉంటుంది, అందులో హిస్టరీ.లాగ్ అనే ఫైల్లో రాసి ఉంటుంది. మేమూ అలాగే బయటపడ్డాం. బ్రోచర్ మాత్రం మర్నాడు వెళ్లింది.

నాన్న పాత విండోస్ మెషిన్‌ని ఈ సీజన్ అయ్యేదాకా కదపొద్దు. అర్ధరాత్రయినా సరే, లిస్టు చూసి అనుమానమొస్తే ఫోటో తీసి పంపు, చూసి చెప్తాను.

మీ బాబాయ్