లవంగ నూనె మీద థీసిస్ చేస్తున్న మా మేనకోడలికి

కోడలు పిల్లా,

లవంగ, వేప లాంటి నూనెలు నోటి బ్యాక్టీరియాను ఎంత చంపుతాయో చూసే నీ థీసిస్ కోసం చేసిన అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) ప్లేట్ల ఫోటోలు పంపావు, చూశాను. లవంగ నూనె చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం అంత పెద్దగా వచ్చేసరికి పని సగం అయిపోయిందనుకున్నట్టున్నావు. అక్కడే ఆగిపోతే మాత్రం వైవాలో బయటి ఎగ్జామినర్ నిన్ను సరిగ్గా ఆ ఫోటో దగ్గరే పట్టుకుంటాడు. నూనె నీళ్లలో కలవదు, అగార్‌లో ఉండేది ఎక్కువగా నీళ్లే. కాబట్టి పాకే నూనెకు వలయం పెద్దగా, పాకని నూనెకు చిన్నగా వస్తుంది తప్ప, ఏది బ్యాక్టీరియాను ఎక్కువ చంపిందో దాన్నిబట్టి తెలియదు. వేప నూనె గింజలు పిండి తీసింది, లవంగ నూనె ఆవిరి పట్టి తీసింది, ఆ రెంటినీ స్కేలుతో కొలిచి పోల్చడం ఏం న్యాయం?

ఎంఐసీ చెయ్యి, అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపే అతి తక్కువ మోతాదు ఎంతో కనుక్కో. 96 గుంటల ప్లేటులో బ్రాత్ (బ్యాక్టీరియా పెరిగే పోషక ద్రవం) పోసి, నూనె అందులో కలవడానికి కొంచెం ట్వీన్ 80 వాడు. నూనె లేకుండా ట్వీన్ ఒక్కటే వేసిన గుంటలు కూడా తప్పకుండా పెట్టు, లేకపోతే చంపింది నూనెనా ట్వీనా అని ఎవరైనా అడిగితే నీ దగ్గర జవాబుండదు. నూనె పడితే బ్రాత్ ఎలాగూ మబ్బుగా అవుతుంది, కంటితో చూసి ఏమీ చెప్పలేం. రెసజూరిన్ అనే నీలం రంగు రెండు చుక్కలు వేస్తే బ్యాక్టీరియా బతికున్న గుంటలో నీలం గులాబీ రంగుకు తిరుగుతుంది. ఇంకోటి, లవంగ నూనె ఆవిరై పక్క గుంటల్లోకి పోతుంది. ప్లేటుకు సీల్ వెయ్యి, కంట్రోల్ గుంటలను ఘాటు గుంటల పక్కన పెట్టకు. బ్యాక్టీరియా ద్రవం మబ్బును కొలిచే మెక్‌ఫార్లాండ్ ప్రమాణంలో 0.5 అంటే మిల్లీలీటరుకు సుమారు 15 కోట్ల బ్యాక్టీరియా, దాన్ని పలచన చేసి గుంటలో మిల్లీలీటరుకు 5 లక్షల దగ్గరికి తెచ్చుకోవాలి. ఈ మెట్టు మీద పీజీలు చాలామంది జారతారు, ల్యాబ్‌లో ఉన్నన్నాళ్లూ చూశాను.

నువ్వు తీసుకున్న రెండు బ్యాక్టీరియాల్లో మ్యూటాన్స్ పిప్పి పన్ను కథ, ఫీకాలిస్ ఫెయిలైన రూట్ కెనాల్ కథ. రెంటినీ ఒకే పేరాలో కలిపి రాయకు. పోల్చే మందు కూడా వేరుగా ఉండాలి, మొదటిదానికి 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్, రెండోదానికి సోడియం హైపోక్లోరైట్. నూనె వాటి ముందు ఓడిపోతే ఓడిపోయిందనే రాయి, అదీ ఫలితమే.

నూనె సీసా బజారులో కొన్నావా? లవంగ నూనెలో చౌక నూనె కలిపి అమ్మడం కొత్త సంగతేం కాదు. నూనెలో ఏమేముందో చెప్పే జీసీ-ఎంఎస్ పరీక్ష చేయించి, లవంగానికి ఘాటునిచ్చే యూజినాల్ ఎంత శాతముందో, ఏ బ్యాచో రాసిపెట్టుకో.

పీకిన పళ్ల మీద బయోఫిల్మ్ (బ్యాక్టీరియా బంక పొర) పెంచుతానన్నావు, మంచిదే, ఎందుకంటే నోట్లో బ్యాక్టీరియా ఒంటరిగా ఈదుతూ ఉండదు, బంకలో గుంపుగా ఉండి మందుకు అంత తేలిగ్గా లొంగదు. కానీ ఆ పళ్లను దేంట్లో నిల్వ ఉంచారో ముందు కనుక్కో. చాలా కాలేజీల్లో థైమాల్ ద్రావణంలో వేస్తారు. థైమాల్ అంటే మన వాములోని ఘాటే! పంటిలో అది మిగిలి ఉంటే నీ నూనె పెట్టకముందే పని మొదలైనట్టు. ఇక నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి దిక్కు నుంచి వచ్చిన పళ్లలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు గారపట్టడం) ఉండొచ్చు, ఆ ఎనామిల్ మామూలు ఎనామిల్‌లా ఉండదు, వాటిని విడిగా తీసిపెట్టు. ఆ పేషెంట్లే "ఈ నూనెతో గార మరకలు పోతాయా డాక్టరమ్మా" అని అడుగుతారు. పోవు అని ముఖం మీదే చెప్పు, అవి క్రిముల వల్ల వచ్చినవి కావు.

మనుషుల మీద చేసేటప్పుడు ఇంకా జాగ్రత్త. పలచన చెయ్యని లవంగ నూనె చిగుళ్లను కాలుస్తుంది, దాల్చిన చెక్క నూనె కొందరికి నోట్లో అలర్జీ తెస్తుంది, వేప నూనె చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుంది, కాబట్టి పిల్లల వార్డు ఆలోచన మానుకో. యూజినాల్ తగిలిన పంటిలో కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్) సరిగ్గా గట్టిపడదని నీకు నేను చెప్పాలా. ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబరు రెండూ చేతికొచ్చాకే మొదటి పేషెంట్‌ను కూర్చోబెట్టు. అంగీకార పత్రం తెలుగులో, మన ఊరివాళ్లకు అర్థమయ్యే మాటల్లో ఉండాలి, సంతకం రానివాళ్లకు చదివి వినిపించాలి. అది రాశాక నాకు పంపు, చూసి పెడతాను.

మీ అత్తమ్మ