నార్టన్‌కు నకలు కాలిపర్ కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ నార్టన్ కమాండో 850 మోటారు సైకిలు ముందు బ్రేకు లీవర్ చెక్కలా బిగుసుకుపోయి ఉందనీ, ఎంత నొక్కినా బండి ఆగనంటోందనీ రాశావు. లాక్‌హీడ్ సీపీ 2696 నమూనాలో ఇప్పుడు కొత్తగా చేస్తున్న కాలిపర్, అంటే పిస్టన్లతో ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం, కొంటానన్నావు. పందెపు బళ్ల కోసం పుట్టిన ఆ కాలిపర్ రూపమంటే నాకూ ఇష్టమే. అయినా ఫొటో చూసి డబ్బు కట్టేయకు.

ముందు మాస్టర్ సిలిండర్ సంగతి చూడు, లీవర్ నొక్కగానే ఆయిల్‌ను కాలిపర్‌కు నెట్టేది అదే. కమాండోకు కంపెనీ ఇచ్చిన దాని బోరు (లోపలి రంధ్రం వ్యాసం) అంగుళంలో 5/8 వంతు, అంటే దాదాపు 15.9 మిల్లీమీటర్లు. ఒకే డిస్కు ఉన్న బండికి అది మరీ పెద్దది. అందులో స్లీవ్ (లోపల బిగించే సన్నని గొట్టం) వేయించి 13 మిల్లీమీటర్లకు తగ్గిస్తే బోరు వైశాల్యం 198 చదరపు మిల్లీమీటర్ల నుంచి 133కు పడిపోతుంది. అదే వేళ్ల బలానికి ప్యాడ్ల మీద ఒత్తిడి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. లీవర్ ప్రయాణం కూడా అంతే పెరుగుతుంది కాబట్టి గొట్టంలో గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు. కొత్త కాలిపర్ పిస్టన్లు పాతవాటి కొలతకు దగ్గరగానే ఉంటే, బోరు ముట్టుకోకుండా కాలిపర్ ఒక్కటే మార్చి లాభం లేదు. అందుకే అమ్మేవాళ్లను మొదట అడగవలసింది పిస్టన్ వ్యాసం.

ఇక కాలిపర్ లోపలికి వద్దాం. పిస్టన్ చుట్టూ గాడిలో ఒక రబ్బరు సీలు ఉంటుంది. అడ్డంగా కోస్తే నలుపలకలుగా కనిపిస్తుంది. లీవర్ నొక్కినప్పుడు పిస్టన్ ముందుకు కదులుతూ సీలు అంచును కాస్త మెలితిప్పుతుంది. వదలగానే సీలు తన రూపానికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ప్యాడ్‌ను డిస్కు నుంచి విడదీయడానికి అక్కడ వేరే స్ప్రింగు ఏదీ లేదు, అంతా ఆ సీలు పనే. గాడి లోతులోనో, అంచు వాలులోనో పిసరంత తేడా వచ్చిందా, పిస్టన్ వెనక్కి రాక ప్యాడ్ రాసుకుంటూ డిస్కు వేడెక్కుతుంది. లేదా మరీ వెనక్కి పోయి లీవర్ సగం దాకా ఊరికే వస్తుంది. నకలు చేసేవాళ్లు బయటి రూపాన్ని సులువుగా దించగలరు. ఈ గాడిని సరిగా కోయడంలోనే వాళ్ల పనితనం తెలుస్తుంది.

పార్సెల్ రాగానే బిగించకు. పిస్టన్‌ను బ్రేక్ ఆయిల్‌తో తడిపి బొటనవేళ్లతో లోపలికి నెట్టు. మొదటి నుంచి చివరి దాకా ఒకే బిగువుతో జారాలి. మధ్యలో పట్టి, ఆపైన గభాలున జారితే తిప్పి పంపు. బిగించాక ముందు చక్రం పైకెత్తి లీవర్ నొక్కి వదులు, చక్రం చేత్తో తేలిగ్గా తిరగాలి.

పిస్టన్లు స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకో. పాతవాటి క్రోమ్ పూత ఇంగ్లండ్ వానలకు పొక్కులు లేచి, ఆ తుప్పు సీలును కోసేస్తుంది. విడి సీళ్లు దొరకని కాలిపర్ ఎంత చవకైనా వద్దు. ప్యాడ్లు కూడా ఏ దుకాణంలోనైనా దొరికే ఆకారంలో ఉండాలి. మామూలు డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ వాడు, సిలికాన్‌తో చేసే డాట్ 5ను దానిలో ఎప్పుడూ కలపకు.

నీ డిస్కు మీద ఇంకా క్రోమ్ మెరుపు ఉంటే దాన్ని గ్రైండింగ్ చేయించు. కింద ఉన్నది పోత ఇనుము, ప్యాడ్ దాన్ని గట్టిగా పడుతుంది. తడిలో ఆ క్రోమ్ మీద బ్రేకు ఆలస్యంగా అందుకుంటుంది.

ఇంకో మాట. 2018 నుంచి నలభై ఏళ్లు దాటిన బళ్లకు, పెద్ద మార్పులు చేయకపోతే, ఇంగ్లండ్‌లో ఏటా చేసే ఎంఓటీ పరీక్ష (బండి రోడ్డుకు పనికొస్తుందో లేదో చూసేది) తప్పనిసరి కాదు. అంటే నీ బ్రేకును నువ్వు తప్ప ఇంకెవరూ చూడరు. కాలిపర్ మార్చిన సంగతి బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పు.

కొత్త కాలిపర్ నీ బండి ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు నేరుగా కూర్చోకపోవచ్చు, మధ్యలో బ్రాకెట్ కావాలి. కాలిపర్‌కూ చక్రం చువ్వలకూ మధ్య ఎంత ఖాళీ మిగులుతుందో అట్టముక్క కత్తిరించి చూసుకో. ఫోర్కు మీది రెండు బోల్టు రంధ్రాల మధ్య దూరం, డిస్కు మందం వెర్నియర్‌తో కొలిచి పంపు. బ్రాకెట్ బొమ్మ నేను గీసి పంపిస్తాను. అది వచ్చాకే ఆర్డరు పెట్టు.

మీ మామయ్య